సొమ్ము ఏ పద్దు నుంచి వస్తోంది?

(విశ్రాంత ఉద్యోగుల సంఘం సర్వసభ్య సమావేశంలో చేసిన ప్రసంగ పాఠం)



‘రాస్తే డబ్బు, మెచ్చుకుంటే డబ్బు’ అనే ఇంటర్నెట్ వేదికల గురించి నాలుగు మాటలు చెప్పమని కార్యదర్శిగారు కోరారు. మన సభ్యులలో కొందరిని ఇంట్లో పిల్లలే గ్రాట్యుటీ సొమ్ములో కొంత ఇవ్వమని, ఆ వేదికల నాణేలు కొంటామని అడుగుతున్నారట. అందుచేత ఇది మనకు సంబంధించిన విషయమే.

నేను కంప్యూటరు నిపుణుణ్ణి కాను. ముప్పై మూడేళ్లు బిల్లులు చూసిన గుమాస్తాను. ఎంత చిన్న బిల్లు వచ్చినా మేము ముందు అడిగేది ఒక్కటే: ఇది ఏ పద్దు కింద ఖర్చు? ఇక్కడా అదే అడుగుదాం.

యూట్యూబు సంగతి చూడండి. సబ్బుల కంపెనీ ప్రకటన ఇచ్చి సొమ్ము కడుతుంది. మామూలు వీడియోల మీద వచ్చే ప్రకటన ఆదాయంలో 55 శాతం వీడియో తీసినవారికి చేరుతుంది. పద్దు స్పష్టం. అది ప్రకటనదారు జేబు.

2016లో అమెరికాలో స్టీమిట్ అనే వేదిక మొదలైంది. తొలినాళ్లలో అందులో కంపెనీల ప్రకటనలు లేవు. వ్యాసం పెడితే, ఏడు రోజులలో పడిన ఓట్లను బట్టి ‘స్టీమ్’ అనే క్రిప్టో నాణేల రూపంలో ప్రతిఫలం ఇచ్చేవారు. ఏ పద్దు నుంచి? ఎప్పటికప్పుడు కొత్తగా సృష్టించే నాణేల నుంచి! ఆ నాణేనికి బజారులో కొనేవాడుంటేనే విలువ. 2018 జనవరిలో ఎనిమిది డాలర్లు దాటిన స్టీమ్, ఆ నవంబరుకు డాలరు లోపునకు పడిపోయింది. సంస్థ 70 శాతానికి పైగా సిబ్బందిని తొలగించింది. ఆ తరువాత పేజీలలో ప్రకటనలు వేసుకోక తప్పలేదు. అంటే తిరిగి తిరిగి పాత పద్దుకే వచ్చారన్నమాట.

ఓటు సంగతీ వినండి. అక్కడ మనిషికొక ఓటు కాదు. నాణేలు ఎక్కువున్నవాడి ఓటుకు బరువెక్కువ. ఆ ఓట్లను డబ్బుకు అమ్మే ఏర్పాట్లూ వచ్చాయి. డబ్బు కట్టి పైకి తెచ్చుకున్న వ్యాసం, ప్రకటన అని పేరు పెట్టని ప్రకటనే కదా! 2020 ఫిబ్రవరిలో ట్రాన్ అధిపతి జస్టిన్ సన్ ఆ సంస్థను కొన్నారు. పెత్తనం ఎవరిదనే తగాదా వచ్చి, మార్చిలో చాలామంది విడిపోయి ‘హైవ్’ అని వేరుకుంపటి పెట్టుకున్నారు.

అందరూ నష్టపోయారని నేను అనను. ధర ఉన్నప్పుడు రాసి, వచ్చిన నాణేలు అప్పుడే అమ్ముకున్నవారికి నాలుగు డబ్బులు మిగిలాయి. ధర మీద ఆశతో కొని ఉంచుకున్నవారికే దెబ్బ.

మన దేశంలో 2022 బడ్జెట్ ఇటువంటి ఆస్తుల లాభంపై 30 శాతం పన్ను విధించింది. ఒకదానిలో వచ్చిన నష్టాన్ని మరొకదాని లాభంలో తగ్గించుకునే వీలు ఇవ్వలేదు. అదే సంవత్సరం ఏప్రిల్ నుంచి, ఇవి నియంత్రణ లేనివి, నష్టభయం ఎక్కువ అని ప్రకటనలలోనే హెచ్చరిక వేయాలని ప్రకటనల ప్రమాణాల మండలి నిర్దేశించింది.

కాబట్టి మిత్రులారా, పిల్లలు రాసుకుంటామంటే సంతోషంగా రాయనివ్వండి. రాతకు పెట్టుబడి అక్కరలేదు. రాయడానికి ముందు నాణెం కొనాలంటే మాత్రం, “నాయనా, ఇది ఏ పద్దు?” అని అడగండి. జవాబు వచ్చేదాకా చెక్కు మీద సంతకం పెట్టకండి. మనకు మళ్లీ గ్రాట్యుటీ రాదు.