కిరణ చికిత్సా విద్య
(సంఘ మహాసభయందు గావింపబడిన యుపన్యాసము)



మన విద్యానిధినుండి యేటేట సహాయము పొందువారిలో వైద్యవిద్యార్థులును, ఇంజనీరింగు విద్యార్థులును పెక్కురు. అందులకు మేము సంతసించుచున్నాము. అయినను మన ప్రాంతమునకు మిక్కిలి యవసరమయ్యు, మనవారు తలపెట్టుట యరుదైన విద్య యొకటి గలదు. అది రాచపుండునకు, అనగా కేన్సరునకు, కిరణములతో చికిత్స చేయు విద్య.

శ్రీకాకుళము, విజయనగరము ప్రాంతముల పల్లెలలో స్త్రీలు చుట్ట నిప్పుకొనను నోటిలోపల నుంచుకొని పొగ త్రాగుట మీ రెఱుగనిది కాదు. దీనినే అడ్డపొగ యందురు. ఆ వేడిమియు పొగయు అంగిలికి నేరుగా దగులుటచే నచ్చట మచ్చలు పుట్టి, కొందఱికి కేన్సరుగా మాఱును. శ్రీకాకుళము జిల్లాలో 10,169 మంది పల్లెవాసులను పరీక్షించి పండితులు 1971లో దీనినిగూర్చి వ్యాసమును ప్రకటించిరి. మన తల్లుల వ్యాధి దేశాంతర గ్రంథముల కెక్కినది. దానికి చికిత్స చేయు విద్య మాత్రము మన పిల్లలకు చేరవలసినంత చేరలేదు.

ఈ విద్యలో మూడు మార్గములు గలవు. ఎం.బి.బి.యస్. ముగించినవారు మూడేండ్లు చదివి యెం.డి. పట్టము పొందుదురు. భౌతికశాస్త్రమున ఎం.యస్సీ. చదివినవారు వైద్యభౌతిక విద్య నభ్యసించి, కిరణముల మోతాదును లెక్కింతురు. ఇంటరు ముగించినవారు బి.యస్సీ. చదివి యంత్రమును నడపుదురు. ఈ మువ్వురిలో నెవ్వరు లేకున్నను యంత్రము నిరుపయోగమే.

చికిత్స సామాన్యముగా వారమున కైదు దినములు, పెక్కు వారములు సాగును. చెడ్డకణములు నశించుచుండ మంచికణములు కోలుకొనుటకై మోతాదు నిట్లు పంచియిత్తురు. దినదినము రోగి నొక్క తీరున, ఒక్క గుఱికి పండబెట్టవలెను. గుఱి తప్పిన వ్యాధి మిగులును, మంచిభాగము కాలును. బి.యస్సీ. చదివినవాని చేతిలో నింత భారమున్నది. ఇచ్ఛాపురమునుండి విశాఖపట్టణము రెండువందల కిలోమీటర్లకు పైబడిన దూరము. దినదినము పోయివచ్చుట పేదలకు సాధ్యమా? నడుమ మానిన చికిత్స ఫలము తగ్గును. కావున నీ విద్య నేర్చినవారు మన జిల్లాలలోనే యుండవలెను.

కిరణములు పనిచేయువారికి హానియని తల్లిదండ్రులు శంకింతురు. గది గోడలు మందమైనవి. ప్రతివాని యొడలిపై కిరణములను కొలుచు బిళ్ల యుండును. దానిని నియతముగా పరీక్షింతురు. "డాక్టరు కాడట" యని పెండ్లిమాటలలో చులకన చేయుటయు గలదు. ఆ చులకన మానుట మన చేతిలోని పని.

కేన్సరు వైద్యమునకు తెలుగువారు క్రొత్తవారు కారు. 1895లో భీమవరమున జన్మించిన యల్లాప్రగడ సుబ్బారావుగారి పరిశోధనాలయమునుండి వెలువడిన యౌషధము 1948లో పసిపిల్లల రక్తకేన్సరునకు తాత్కాలికముగనైన నుపశమనము గూర్చెను. ఆయన యమెరికా ప్రయాణమునకు మామగారి సాయమును, కాకినాడలోని మల్లాడి సత్యలింగ నాయకరుగారి ధర్మనిధి యండయు తోడ్పడినవి. దాతల ధనమెంత దూరము పోగలదో దీనివలన దెలియును.

కావున పోషకులకు మా మనవి యిది: ఎం.డి. మొదలు బి.యస్సీ. వఱకు నీ మూడు మార్గముల విద్యార్థులకును, అందు బాలికలకు ముందుగను, విద్యానిధినుండి వేతనము లేర్పఱచుడు. ఈ తీర్మానమును మహాసభవా రామోదింతురని విశ్వసించుచు విరమించుచున్నాము.