స్టీరింగు ముందు శాంతం
(సంఘ వార్షిక సమావేశంలో చేసిన ప్రసంగ పాఠం)



"రిటైరైన వాళ్లకి ట్రాఫిక్‌తో ఏం పనండీ?" అని ఒక మిత్రుడు నన్ను నవ్వుతూ అడిగారు. మనం ఆఫీసును వదిలినా రోడ్డు మనల్ని వదలలేదు. మనవల బడి, బ్యాంకు, లైఫ్ సర్టిఫికెట్, ఆసుపత్రి, పెళ్లిళ్లు, పరామర్శలు ఉండనే ఉన్నాయి.

నా సంగతే మనవి చేస్తాను. నా శ్రీమతికి వారానికి మూడుసార్లు డయాలసిస్. దిల్‌సుఖ్‌నగర్ నుంచి మలక్‌పేట, చాదర్‌ఘాట్, కోఠి, నాంపల్లి మీదుగా పంజగుట్టకు నేనే కారు నడుపుతాను. నాలుగేళ్లుగా నా డ్యూటీ ఇదే. నాలుగు గంటలు యంత్రం దగ్గర పడుకుని వచ్చిన మనిషికి ఒళ్లు తూలుతుంది, బి.పి. పడిపోతుంది. అప్పుడు నేను విసుక్కున్నా, సడన్ బ్రేకు వేసినా ఆ బాధ ఆమెదే. "ఆలస్యమైనా ఫర్వాలేదండీ, కుదుపు లేకుండా తీసుకెళ్లండి చాలు" అంటుంది. అందుచేత ప్రశాంతంగా నడపడం నాకు వేదాంతం కాదు, అవసరం.

మొదటిది లెక్క. అకౌంట్సు చూసినవాళ్లం కదా! దారి 12 కిలోమీటర్లు అనుకోండి. గంటకు సగటున 20 కిలోమీటర్ల చొప్పున వెళితే 36 నిమిషాలు పడుతుంది. సందు దొరికిన చోటల్లా దూరి సగటును 24కు పెంచితే 30 నిమిషాలు. మిగిలేది 6 నిమిషాలు. ఆ ఆరు నిమిషాలేవో ఇంటి దగ్గరే ముందు బయలుదేరితే సరిపోతుంది.

రెండవది ఊపిరి. కోపం వస్తే అడ్రినలిన్ విడుదలై గుండె వేగం, రక్తపోటు పెరుగుతాయి. ఎర్రలైటు పడినప్పుడు నాలుగు అంకెలు లెక్కపెడుతూ గాలి పీల్చి, ఆరు అంకెలు లెక్కపెడుతూ నెమ్మదిగా వదలండి. ఊపిరి వదిలేటప్పుడు గుండె వేగం కొంత తగ్గుతుంది. కళ్లు మాత్రం మూయకండి, ఊపిరి బిగబట్టకండి. చాదర్‌ఘాట్ సిగ్నలే నా ప్రాణాయామ కేంద్రం!

మూడవది ఎడం. గంటకు 60 కిలోమీటర్ల వేగంతో పోయే కారు ఒక్క సెకనులో దాదాపు 17 మీటర్లు పోతుంది. ముందు బండికి మూడు సెకన్ల దూరంలో ఉండడం మంచిది. ఆ ఖాళీలో ఒక ఆటో దూరుతుంది. దూరనివ్వండి. అతని తొందర వెనుక ఆనాటి సంపాదన ఉంది; మన పెన్షన్ ఒకటో తారీఖున ఎటూ వస్తుంది.

నాలుగవది హారన్. హారన్ మోగిస్తే ఎర్రలైటు పచ్చలైటు కాదు. 2000 సంవత్సరపు శబ్ద కాలుష్య నిబంధనల ప్రకారం ఆసుపత్రులు, బడులు, కోర్టుల చుట్టూ కనీసం 100 మీటర్ల ప్రాంతాన్ని నిశ్శబ్ద మండలంగా ప్రకటించవచ్చు. లోపల మంచం మీద ఉన్నది రేపు మనమే కావచ్చు.

ఐదవది మన ఒళ్లు. జలుబుకు, ఎలర్జీకి వేసుకునే కొన్ని మాత్రలు నిద్ర తెప్పిస్తాయి. డాక్టరుగారిని అడిగి నడపండి. కంటిలో శుక్లాలుంటే రాత్రి ఎదుటి లైట్లకు చూపు చెదురుతుంది. షుగరున్నవారు గ్లూకోజు దగ్గర ఉంచుకోండి. ఛాతీ బిగిసినా, చెమటలు పోసినా బండి పక్కకు ఆపి 108కి ఫోన్ చేయండి.

కుటుంబ సభ్యులకు ఒక విన్నపం. మేము బండి నడుపుతున్నామని తెలిసినప్పుడు "ఎక్కడిదాకా వచ్చారు?" అని మాటిమాటికీ ఫోన్ చేయకండి. చేరగానే మేమే చేస్తాం.

ఒంటరిగా వెళ్లేవారికి మెట్రో ఉంది. అమీర్‌పేట నుంచి ఎల్.బి.నగర్ దాకా 2018 సెప్టెంబరులో ప్రారంభమైంది. చూపు, చేతులు సహకరించని రోజున తాళాలు కొడుక్కో, కూతురికో ఇవ్వడం నామోషీ కాదు. అన్నేళ్లు చేసిన ఉద్యోగాన్నే హుందాగా అప్పగించి వచ్చినవాళ్లం, స్టీరింగు ఒక లెక్కా?

ఇంటికి నెమ్మదిగా వెళ్లండి. సెలవు.