కథతో నడచు వీడియో ఆటలు: ఆటలేనా?

(మన సంఘ సభయందు చేసిన ప్రసంగ పాఠము)



మన పఠనమందిరమున సాయంకాలపు ఆటలలో కథాప్రధానమైన వీడియో ఆటలకును చోటీయవలెనని యువకులు కోరుచున్నారు. అవి ఆటలు కావనియు, మీట నొక్కుచు చూచెడి సినిమాలనియు పెద్దలు కొందరు త్రోసిపుచ్చుచున్నారు. ఈ విషయమున మా అభిప్రాయమును మనవి చేయుదుము.

ముందుగా మన భాషనే అడిగి చూతము. తోలుబొమ్మలాట, సినిమా మొదటి ఆట అని చూచెడి దానికిని మనవారు ‘ఆట’ యనియే పేరిడిరి. వైకుంఠపాళిలో గవ్వలు వేయుట తప్ప ఆడువాని నేర్పేమున్నది? నిచ్చెన యెక్కుటయు, పాము నోట పడుటయు మన చేతిలో లేవు. అయినను అది ఆట కాదని యెవరును అనలేదు. కావున నేర్పొక్కటియే ఆటకు కొలత కాజాలదు. చేయి చేసెడి పనివలన కథకు క్రొత్త అర్థము కలుగుచున్నదా, లేక ఆ పని లేకున్నను కథ అట్లే తెలియునా? ఇదియే మా కొలత.

2013లో స్వీడను దేశపు స్టార్‌బ్రీజ్ సంస్థవారు ‘బ్రదర్స్: ఎ టేల్ ఆఫ్ టూ సన్స్’ అను ఆటను వెలువరించిరి. జబ్బుపడిన తండ్రికి మందు తెచ్చుటకై అన్నదమ్ములు బయలుదేరుదురు. ఎడమచేతి మీటయు బొత్తామును అన్నవి, కుడిచేతివి తమ్మునివి. ఆడువాడొక్కడే. మొదట చేతులు తడబడును. పిదప రెండును కలసి నడచును. తుదకు అన్న మరణించును. నీటిని చూచి భయపడెడి తమ్ముడు ఒంటరిగా ఏరు దాటవలసివచ్చును. తమ్ముని బొత్తాము నొక్కినను అతడు ఈదడు. అన్న బొత్తామును నొక్కినప్పుడే ఈదును. అన్న లేకున్నను అన్న ధైర్యము తమ్మునియందు కలదని మన ఎడమచేయియే మనకు తెలుపును. చూచినంత మాత్రమున ఇది తెలియునా?

2021లో వచ్చిన ‘బిఫోర్ యువర్ ఐస్’ అను ఆటలో మన కన్నులను వెబ్ కెమెరా కనిపెట్టుచుండును. రెప్ప వేసినచో కాలము ముందునకు సాగును. మరణించినవాని జ్ఞాపకములే అందలి కథ. తల్లి చెంత మరికొంత సేపు నిలువగోరినను రెప్ప ఆగదు. ఆ నిస్సహాయతయే ఆట. ఆ కథకు సారమును అదియే.

పెద్దల మాటలోను నిజము కలదు. ఫ్రాన్సు దేశపు క్వాంటిక్ డ్రీమ్ సంస్థవారు 2010లో వెలువరించిన ‘హెవీ రెయిన్’లో తలుపు తీయుటకును, గడ్డము గీసికొనుటకును మీట త్రిప్పవలయును. అట్టి పనులు కొన్ని వట్టి చేతిశ్రమయే. అయినను ముఖ్యపాత్రలలో ఎవరైన మన తప్పిదమువలన మరణించినచో, కథ వారు లేకయే సాగును. ఆ భయము ప్రేక్షకునికి కలుగదు. ఇది క్రూరదృశ్యములు గల ఆట, బాలురకు తగదు. కావున ఒక్కొక్క ఆటను పరీక్షించియే చేర్చుకొనవలెను.

మరియొక సంగతి. ‘బ్రదర్స్’లో పాత్రలు మాట్లాడునది కల్పితమైన భాష, ఎవరికిని అర్థము కాదు. చేష్టలనుబట్టియే కథ తెలిసికొనవలెను. మన వీధులలో ఇంటికొక భాష మాట్లాడు పిల్లలు దానిని సమానముగా ఆడగలరు. బడిలో తెలుగు చదువు అందని పిల్లలు మనలో కలరు. ఆట ముగిసిన పిమ్మట ఆ కథను వారిచేత తెలుగున చెప్పింతము. మాటలు లేని కథకు మాటలు వెదకికొనుటకంటె మంచి పాఠము వేరొకటి దొరకునా?

మనము వలదన్నంత మాత్రమున పిల్లలు ఆటను మానరు. మన మందిరమునకు వచ్చుటనే మానుదురు. వారానికొక సాయంకాలము, పెద్దలొకరు చెంతనుండగా, ఇట్టి ఆటలకు అనుమతి నొసగుడని సభవారిని ప్రార్థించుచున్నాము.