స్థల చరిత్రలు - గ్రంథపాలకులు

(సంగారెడ్డి, పటాన్‌చెరు ప్రాంతపు గ్రంథపాలకుల కూటమున ఒక న్యాయవాది చేసిన ప్రసంగ పాఠము)



న్యాయస్థానమున మాకు నిత్యము ఎదురగు ప్రశ్న యొకటి కలదు: ఈ కాగితము ఎవరి యొద్దనుండి వచ్చినది? ముప్పది యేండ్లు దాటిన పత్రము తానుండదగిన చోటినుండియే వచ్చినచో, దానిపై వ్రాలు చేసినవారు గతించినను, న్యాయాధిపతి దానిని నిజమైనదిగా భావింపవచ్చును. 1872 నాటి సాక్ష్య శాసనమున 90వ సెక్షను చెప్పినది ఇదియే. 2024 జులై 1 నుండి అమలునకు వచ్చిన క్రొత్త శాసనము కూడ ఈ సూత్రమును విడువలేదు. పొలము కాగితములకు ఉండదగిన చోటు కలదు. ఊరి కథకు ఉండదగిన చోటేది? అది గ్రంథాలయమనియు, దానికి కావలి మీరనియు నా మనవి.

పటాన్‌చెరువనగా నేడు జనులకు స్ఫురించునవి మందుల కర్మాగారములు, పొగగొట్టములు, రంగు మారిన నీళ్లు. పదునొకండవ శతాబ్దమున పొట్టలకెరె యను పేర కల్యాణి చాళుక్య ప్రభువు జయసింహుడు కొలువుదీరిన పట్టణమిది. జైనులకు గొప్ప నెలవు. ఇచ్చట బయల్పడిన జినమూర్తులను హైదరాబాదు మ్యూజియమున చూడవచ్చును. రాణి సుగ్గలదేవి శివభక్తి వీరశైవ వాఙ్మయమున ప్రసిద్ధము. సంగారెడ్డి చెంతనున్న కొండాపురము దిబ్బలను 1940-42లో యజ్దానీగారి ఆధ్వర్యమున నిజాము పురావస్తు శాఖవారు త్రవ్వగా సాతవాహనుల నాణెములు వేలకొలది లభించినవి. నందికందిలో నక్షత్రాకారపు గుడి నేటికిని నిలిచియున్నది. ఇవన్నియు ఎచ్చట వ్రాయబడియున్నవి? అధికారుల నివేదికలలో, ఇంగ్లీషున. పటాన్‌చెరు గ్రంథాలయపు బల్లయొద్ద కూర్చున్న కార్మికుని కుమారునికి అవి అందవు.

ఆ బల్లయొద్ద అతడు చదువునది పోటీ పరీక్షల పుస్తకము. దానిని నిందింపను, కడుపుకూటి చదువు అది. కాని అందులో ఒక ప్రశ్న యుండును: మొదటి నిజామాంధ్ర మహాసభ ఎచ్చట జరిగినది? జోగిపేట, 1930, అధ్యక్షుడు సురవరము ప్రతాపరెడ్డి అని బాలుడు వల్లెవేయును. ఆ జోగిపేట తన జిల్లాలోనిదే యనియు, తెల్లవారి బస్సెక్కిన మధ్యాహ్న భోజనమునకు తిరిగి రావచ్చుననియు, అచ్చటనే నడింపల్లి సుందరమ్మగారి అధ్యక్షతన స్త్రీల మహాసభ కూడ జరిగినదనియు అతనికి చెప్పువారు లేరు. చెప్పవలసినది, పుస్తకము చేతికిచ్చు మీరే.

ఈ పని క్రొత్తది కాదు. 1901 సెప్టెంబరు 1న హైదరాబాదులో శ్రీకృష్ణదేవరాయాంధ్ర భాషానిలయము వెలసినది మొదలు మన గ్రంథాలయములు పుస్తకములు ఎరువిచ్చుటతోనే తృప్తిపడలేదు. తెలంగాణమున కవులు లేరన్న మాటకు ప్రతాపరెడ్డిగారు పత్రికలో వాదముతో సరిపుచ్చక, ఊళ్లనుండి పద్యములు రప్పించి, 1934లో 354 మంది కవులతో గోలకొండ కవుల సంచికను వెలువరించిరి. లక్ష్మణరాయ పరిశోధక మండలివారు శాసనములు సేకరించి 1935లో తెలంగాణా శాసనముల మొదటి భాగమును అచ్చొత్తించిరి. మాడపాటి హనుమంతరావుగారును, ప్రతాపరెడ్డిగారును వకీళ్లే. (మా వృత్తివారిని గూర్చి ఈ ఒక్క మంచిమాట చెప్పుకొననిండు.)

నేడు తొందర యేమనగా, ఊళ్లే మాయమగుచున్నవి. 1970 దశకము నుండి కర్మాగారములు పెరిగిన కొలది కంచెలు, వాగులు, పొలము గట్లు గోడలలో కలిసిపోయినవి. నక్కవాగు కలుషితమైన పిమ్మట రైతులు న్యాయస్థానములకెక్కిరి. 1990లో వ్యవహారము సుప్రీంకోర్టునకు పోయినది. అట్టి వ్యాజ్యములందు మొదట పుట్టు ప్రశ్న, పూర్వము ఆ నీరు ఎట్లుండెడిది, ఏ పైరు పండెడిది, ఎవరు త్రాగెడివారు అని. సేత్వారు, 1954-55 నాటి ఖాస్రా పహాణీ సర్వే నెంబరును చెప్పును. ఆ నీటి రుచిని చెప్పదు. ఎరిగిన వృద్ధులు ఏటేట తగ్గుచున్నారు. వారి నోటిమాట నేడు కాగితముపై పడనిచో రేపు ఏ వకీలును దానిని పుట్టింపలేడు.

కావున ప్రతి గ్రంథాలయమున ఒక గట్టి అట్టపుస్తకము నుంచుడు. చెప్పినవారి పేరు, వయస్సు, తేదీ వ్రాసి, వారి మాటను వారి మాటగనే ఎక్కింపుడు, దిద్దవలదు. ఇద్దరు రెండు విధముల చెప్పిన రెండును వ్రాయుడు. రాణి శంకరమ్మ కుమారుని పేర సంగారెడ్డి వెలసినదందురు. దానిని జనశ్రుతియనియే వ్రాయుడు, శాసనమున చూచినదానిని శాసనమనియే వ్రాయుడు. ఈ రెంటిని కలిపినచో పుస్తకమంతయు కొరగానిదగును. పాత దస్తావేజులు ఉర్దూలోనున్నవని వదలవలదు. ఆ లిపి చదువగల పెద్దలు సదాశివపేటలోను జహీరాబాదులోను ఉన్నారు, వారిని పిలిచి కూర్చుండబెట్టుడు. బీహారు నుండియు ఒడిశా నుండియు వచ్చి రామచంద్రాపురపు గదులలో కాపురముండు కార్మికుల మాటయు ఈ చోటి చరిత్రయే.

డబ్బు లేదందురా? ఇంటిపన్నులో రూపాయికి 8 పైసలు గ్రంథాలయ సుంకముగా ప్రజలు చెల్లించుచునే యున్నారు. వసూలైనది సకాలమున గ్రంథాలయ సంస్థకు చేరుటలేదను మొర పాతదే. దానికై అర్జీలు వ్రాయుట నా వంతు. అట్టపుస్తకమునకు మాత్రము ఆ సుంకము కొరకు కాచుకొననక్కరలేదు.

నెలకొక ఆదివారము ఒక్కొక్క ఊరి గ్రంథాలయమున కూడి, ఎవరు వ్రాసినది వారు చదివి వినిపింపుడు. ఒకరి పుస్తకములోని ఖాళీ మరియొకరి కథతో నిండును. మొదటి కూటము జోగిపేటలో జరుపుడని కోరుచున్నాను. 1930 సభకు వచ్చినవారికి అన్నము వండిన యిండ్లు ఏవో, పందిరి ఎచ్చట వేసిరో అచ్చటి గ్రంథపాలకుడు నాటి కుటుంబముల వారినడిగి యుంచవలెను. పటాన్‌చెరువువారు నక్కవాగు ఒడ్డున సేద్యము చేసిన ఒక రైతును వెంట తీసికొని రావలెను. అట్టపుస్తకములు నేను తెచ్చెదను.