మచ్చలకు, ముడతలకు లేజర్ చికిత్సలు – ఒక కంపేరెటివ్ స్టేట్‌మెంట్

(పెన్షనర్ల దినోత్సవ సభలో చేసిన ప్రసంగ పాఠం)



1982 డిసెంబరు 17న నకారా కేసులో సుప్రీంకోర్టు ఇచ్చిన తీర్పుకు గుర్తుగా మనం ఏటా ఈ సభ జరుపుకుంటున్నాము. ఈ వేదిక మీద ఎప్పుడూ డి.ఎ. బకాయిల గురించి, మెడికల్ బిల్లుల గురించి మాట్లాడే నేను ఈసారి ముఖం మీద మచ్చల గురించి మాట్లాడతానంటే కార్యదర్శిగారు నవ్వారు. "ఈ వయసులో మనకెందుకండీ అందచందాలు?" అన్నారు. సంగతంతా చెప్పాక, "అయితే తప్పకుండా మాట్లాడండి, మా ఇంట్లోనూ ఈ గొడవే నడుస్తోంది" అన్నారు. మనకు కాకపోయినా, మన పెన్షను డబ్బుతో మన పిల్లలు చేయించుకునే వైద్యమిది. కనుక తెలుసుకోవడం మంచిది.

నేను డాక్టరును కాను. సర్వీసులో ఎక్కువ కాలం జిల్లా ఆఫీసు కొనుగోళ్ళ సెక్షనులో పనిచేసిన గుమాస్తాను. కొటేషన్లు పిలిపించడం, వచ్చినవాటిని వరుసగా వేసి కంపేరెటివ్ స్టేట్‌మెంటు తయారుచేయడం, ఫైలు పైకి పంపడం, ఇంతవరకే నాకు తెలిసిన విద్య. నిర్ణయం ఎప్పుడూ పై అధికారిదే. ఇక్కడ ఆ అధికారి చర్మవ్యాధుల డాక్టరుగారు.

ముందు మా ఇంటి సంగతి మనవి చేస్తాను. మా అక్కయ్యకు ఏడో ఏట పెద్దమ్మవారు పోసింది. ప్రాణం దక్కింది గాని ముఖమంతా గుంటలు పడ్డాయి. మన దేశంలో మశూచి 1975లో ఆగిపోయింది. 1980లో ప్రపంచంలోనే లేదని ప్రకటించారు. ఆ మచ్చలు మాత్రం మా తరం వాళ్ళ ముఖాల మీద మిగిలిపోయాయి. అక్కయ్యకు మూడు సంబంధాలు పెళ్ళిచూపుల దాకా వచ్చి తప్పిపోయాయి. నాలుగో సంబంధం మా బావగారిది. ఆయన మంచివారు కాబట్టి సరిపోయింది.

ఇక మా పెద్దబ్బాయి కూతురు. కాలేజీ రోజుల్లో మొటిమలు వచ్చి, గిల్లడం వల్ల రెండు బుగ్గల మీదా గుంటలు పడ్డాయి. ఎవరైనా ఫోటో తీస్తామంటే పక్కకు తప్పుకునేది. పెళ్ళి కుదిరాక "లేజర్ చేయించుకుంటాను తాతయ్యా" అంది. నేను రూపం కన్నా గుణం ముఖ్యమని చిన్న ఉపన్యాసమిచ్చాను. పక్కనే కూర్చున్న అక్కయ్య, "ఒరే, నాకప్పుడు మార్గం లేదు. దానికి ఉంది. వద్దనడానికి నువ్వెవడివిరా?" అంది. నా నోటమ్మట మాట రాలేదు.

ఆ సిగ్గుతో నేను తొందరపడ్డాను. డి.ఎ. బకాయి అప్పుడే చేతికందింది. ప్రకటన చూసి ఒక క్లినిక్కుకు తీసుకువెళ్ళాను. ఆరు సిట్టింగుల ప్యాకేజీ అన్నారు, మొత్తం ముందే కట్టమన్నారు. కట్టాను. మూడు కొటేషన్లు లేనిదే బల్ల కూడా కొననివ్వని మనిషిని, మనవరాలి ముఖం విషయంలో ఒక్క కొటేషనుతో సరిపెట్టాను. పెళ్ళి ఇంకా నెలన్నర ఉంది. మంచి ఎండాకాలం. పిల్లది చామనచాయ. ఎండలో తిరుగుతావా అని అడిగినవారు లేరు, చెవి వెనక కొద్దిగా చేసి చూసినవారు లేరు. మూడు వారాలు తిరిగేసరికి గుంటల కంటె ఎక్కువగా కనిపించే నల్లటి మచ్చలు రెండు బుగ్గల మీదా తేలాయి. పీటల మీద ఆ పిల్ల దించిన తల ఎత్తలేదు. చూసినవాళ్ళు సిగ్గనుకున్నారు. కారణం నాకు తెలుసు.

తరువాత ప్రభుత్వాసుపత్రి చర్మవ్యాధుల విభాగంలో ఒక పెద్ద డాక్టరుగారు ఓపికగా కూర్చోబెట్టి సంగతంతా చెప్పారు. ఆయన చెప్పినదీ, తరువాత నేను చదివి తెలుసుకున్నదీ కలిపి ఈ స్టేట్‌మెంటు.

మొదట యంత్రం పని. మన చర్మంలో చాలా భాగం నీరే. కొన్ని రకాల లేజర్ కిరణాలను నీరు పీల్చుకుంటుంది. ఆ వేడికి పై పొర ఆవిరైపోతుంది, లోపలి పొరకు సెగ తగులుతుంది. గాయం మానేటప్పుడు శరీరం కొలాజెన్ అనే కొత్త పీచు పదార్థాన్ని తయారుచేసుకుంటుంది. గుంట కొంత పూడేదీ, ముడత కొంత సాగేదీ దానివల్లనే. అంటే లేజర్ చేసేది కొలతప్రకారం గాయం, బాగుచేసేది మన శరీరం. అందుకే ఫలితం మరునాడు కనబడదు, మూడు నుంచి ఆరు నెలలు పడుతుంది. నెలన్నరలో పెళ్ళి పెట్టుకుని చేయించడంలోనే నా తెలివితక్కువతనం ఉంది.

ఇక వరుసగా చూద్దాము.

మొదటిది కార్బన్ డయాక్సైడ్ లేజర్. దీన్ని 1964లో అమెరికాలోని బెల్ లేబరేటరీస్‌లో కనిపెట్టినవారు కుమార్ పటేల్‌గారు, మహారాష్ట్రలోని బారామతిలో పుట్టినవారు. దీని కిరణం పొడవు 10,600 నానోమీటర్లు, కంటికి కనబడదు. 1990ల్లో విదేశాలలో దీనితో ముఖమంతా పై పొర తీసేసేవారు. గోడంతా గీకి మళ్ళీ సున్నం వేసినట్లన్నమాట. ముడతలకు, గుంటలకు గట్టి ఫలితం ఇచ్చేది. కాని పచ్చిపుండు ఆరడానికి వారం పది రోజులు, ఎరుపు తగ్గడానికి నెలలు పట్టేవి. కొందరికి కొంతకాలానికి చర్మం శాశ్వతంగా తెల్లబారింది. మనబోటి రంగువాళ్ళకు ఈ పాత పద్ధతి పనికిరాదని డాక్టరుగారు తేల్చిచెప్పారు.

రెండవది ఎర్బియం యాగ్ లేజర్, 2,940 నానోమీటర్లు. దీన్ని నీరు కార్బన్ డయాక్సైడ్ కిరణం కన్నా ఎన్నో రెట్లు ఎక్కువగా పీల్చుకుంటుంది. కనుక పైపైన శుభ్రంగా తీసేస్తుంది, చుట్టుపక్కలకు సెగ తక్కువ. త్వరగా మానుతుంది, ఎరుపు త్వరగా తగ్గుతుంది. సెగ తక్కువ కాబట్టి చర్మం బిగువు కావడం కూడా తక్కువే. చిన్న ముడతలకు, లోతులేని గుంటలకు మంచిది.

మూడవది ఫ్రాక్షనల్ పద్ధతి. 2004లో ఈ ఆలోచన వైద్యపత్రికలలోకి వచ్చింది. పోస్టాఫీసు స్టాంపుల షీటులో వరుసగా చిల్లులుంటాయి కదా, అలా ముఖం మీద కంటికి ఆనని చిన్న చిన్న చిల్లులు వేస్తారు. చిల్లుకూ చిల్లుకూ మధ్య మంచి చర్మాన్ని ముట్టుకోరు. ఆ మిగిలిన చర్మమే పక్కనున్న గాయాన్ని త్వరగా మాన్పుతుంది. పైన చెప్పిన రెండు లేజర్లనూ ఇలా వాడవచ్చు. మొటిమల గుంటలకు ఇప్పుడు బాగా వాడుకలో ఉన్నది ఫ్రాక్షనల్ కార్బన్ డయాక్సైడ్. దాదాపు వారంపాటు పెచ్చులు కట్టి రాలుతాయి, సిట్టింగుకూ సిట్టింగుకూ నెల నుంచి రెండు నెలల వ్యవధి ఉండాలి. కాలిన మచ్చలు బిగుసుకుపోయినప్పుడు మెత్తబరచడానికి కూడా ఇది ఉపయోగపడుతుంది. మా పిల్లకు చేసినదీ ఇదే. తప్పు యంత్రానిది కాదు. చిల్లులు దట్టంగా, శక్తి ఎక్కువగా పెట్టడం, ఆ మీదట ఎండ.

నాలుగవది పై పొర తీయకుండా లోపలికి మాత్రం వేడి పంపే ఫ్రాక్షనల్ లేజర్. ఎర్బియం గ్లాస్ అంటారు, 1,540 లేక 1,550 నానోమీటర్లు. రెండు నుంచి నాలుగు రోజులు ఎరుపు, వాపు, తరువాత మామూలే. ఒక్కొక్క సిట్టింగులో కనిపించే మార్పు తక్కువ, నాలుగు నుంచి ఆరు సిట్టింగులు కావాలి. నల్లబడే ప్రమాదం తక్కువ, బొత్తిగా లేదని మాత్రం అనలేము.

వీటి సరసన అమ్మే మరికొన్ని ఉన్నాయి. లేజర్ టోనింగ్, కార్బన్ పీల్ అనే పేర్లతో 1,064 నానోమీటర్ల లేజర్ చేస్తుంటారు. అది నల్లరంగు మీద పనిచేసేది, గుంటలు పూడ్చదు. ఎర్రగా మిగిలిన మచ్చలకు 595 నానోమీటర్ల డై లేజర్ వేరు. లేజర్ కాకుండా సూదులతో చేసే మైక్రోనీడిలింగ్ ఉంది, సూదుల ద్వారా రేడియో తరంగాల వేడి పంపే పద్ధతీ ఉంది. ఆ వేడికి చర్మం రంగుతో సంబంధం లేదు కాబట్టి మన రంగుకు కొంత క్షేమం.

చివరి కాలం ముఖ్యమైనది. ఏ మచ్చకు ఏది? గుంటలన్నీ ఒకటి కావు. మంచు గడ్డ పొడిచే సూదితో గుచ్చినట్లు సన్నగా లోతుగా ఉండేవి ఒక రకం. వాటికి లేజర్ కన్నా, గుంటలోపల మాత్రమే గాఢమైన ఆమ్లం అద్దడమో, చిన్న పంచింగుతో తీసేయడమో మేలు. అంచులు నిలువుగా, పెట్టెలా ఉండేవి రెండో రకం, ఇవి లేజర్‌కు బాగా లొంగుతాయి. అలల్లా ఎత్తుపల్లాలుగా ఉండేవి మూడో రకం, వీటిని కింద పీచులు పట్టి లాగుతుంటాయి, ముందు సూదితో ఆ పీచులు తెంపాలి. ఒకే ముఖం మీద మూడూ ఉండవచ్చు. ఉబ్బి పెరిగే కెలాయిడ్ మచ్చ అయితే ముందు ఇంజెక్షన్లు, సిలికాన్ పట్టీ వంటివి. దానిమీద తెలియక లేజర్ చేస్తే ఇంకా పెరగవచ్చు. మంగు ఉన్నవాళ్ళకు లేజర్ వేడి తగిలి మంగు ముదరవచ్చు.

మన చర్మానికి రంగునిచ్చే మెలనిన్ మనకు ఎండనుంచి రక్షణ. తెల్లవాళ్ళకన్నా మనకు ముడతలు ఆలస్యంగా రావడానికి అదొక కారణం. కాని గాయమైతే ఆ మెలనినే ఎక్కువగా తయారై నల్లమచ్చగా మిగులుతుంది. 1975లో ఫిట్స్‌పాట్రిక్ అనే అమెరికా డాక్టరు ఎండకు కమిలే తీరునుబట్టి చర్మాన్ని వర్గీకరించారు. తరువాత అది ఆరు తరగతులయింది. మనలో ఎక్కువమంది నాలుగు, అయిదు తరగతులవాళ్ళము. తెల్లచర్మం మీద తీసిన ముందు–తరువాత ఫోటోలు చూసి మనం ఆశపడకూడదు. మనకు తక్కువ శక్తి, పలచని చిల్లులు, ఎక్కువ వ్యవధి. ఫైలు ఆలస్యమైతే తిట్టుకున్నవాళ్ళమే గాని, ఇక్కడ ఆలస్యమే క్షేమం.

ఇక మన వయసువారికి. ముడతలు, ఎండవల్ల వచ్చిన గోధుమరంగు మచ్చలు లేజర్‌తో తగ్గవచ్చు. జారిపోయిన చర్మం పైకి రాదు. వయసుతో గాయం నిదానంగా మానుతుంది. మధుమేహం, రక్తం పలుచబడే మందులు, పెదవి చుట్టూ ఎప్పుడైనా వచ్చిన హెర్పిస్ పొక్కులు, ఇవన్నీ ముందే చెప్పాలి. హెర్పిస్‌కు ముందునుంచే మాత్రలు ఇస్తారు. రక్తం మందు మాత్రం మనంతట మనం ఆపకూడదు. పిల్లలు మొటిమలకు ఐసోట్రెటినాయిన్ మాత్రలు వాడుతుంటే అదీ చెప్పాలి.

ఇంకొక్క మాట, దీన్ని మాత్రం మరచిపోవద్దని ప్రార్థన. ఎన్నాళ్ళకూ మానని పుండు, రంగు లేక ఆకారం మారుతున్న పుట్టుమచ్చ, రక్తం కారే పొక్కు ఉంటే అందానికని లేజర్‌తో తీయించుకోవద్దు. ముందు డాక్టరు చూడాలి, అవసరమైతే ముక్క తీసి పరీక్షకు పంపాలి. లేజర్ దాన్ని ఆవిరి చేసేస్తే పరీక్షకు ఏమీ మిగలదు. అది క్యాన్సరయితే అసలు కాగితం చింపేసి ఫైలు మూసినట్లవుతుంది.

ఖర్చు సంగతి. ఆరోగ్య బీమాలో అందం కోసం చేసే చికిత్సకు డబ్బు రాదు. ప్రమాదం, కాలిన గాయం, క్యాన్సరు తరువాత రూపం సరిచేయడానికైతే ఆ మినహాయింపు వర్తించదు. వైద్యం చేసిన డాక్టరు సర్టిఫికెట్టు కావాలి, పాలసీ కాగితం చదివి అడగండి.

డబ్బు కట్టేముందు ఈ ప్రశ్నలు అడగండి. చేసేది చర్మవ్యాధుల్లో పట్టా ఉన్న డాక్టరేనా? యంత్రం పేరేమిటి, కిరణం పొడవెంత? మా రంగు చర్మానికి మీరు చేసిన ఫోటోలున్నాయా? టెస్ట్ ప్యాచ్ చేస్తారా? ముందు, తరువాత ఎండ జాగ్రత్తలేమిటి? సిట్టింగు సిట్టింగుకూ డబ్బు తీసుకుంటారా? దేనికైనా జవాబు దాటవేస్తే లేచి వచ్చేయండి. పూర్తిగా మాయమవుతుందన్నవారి దగ్గరనుంచి ఇంకా త్వరగా లేచి రండి. గుంట తగ్గుతుంది, పూర్తిగా పోదు.

మా మనవరాలి నల్లమచ్చలు ఎండకు దూరంగా ఉండి, ఎస్.పి.ఎఫ్. 30 కి పైబడిన సన్‌స్క్రీన్, డాక్టరు రాసిన పూతమందు వాడితే దాదాపు ఎనిమిది నెలలకు పలచబడ్డాయి. క్లినిక్కువాళ్ళు మిగతా సిట్టింగుల డబ్బు తిరిగివ్వలేదు. అది నా సింగిల్ కొటేషనుకు జరిమానా అనుకున్నాను. ఆ తరువాత వర్షాకాలం, చలికాలాల్లో నిదానంగా నాలుగు సిట్టింగులు ఎర్బియం గ్లాసుతో చేయించాము. మా కళ్ళకు సగం తగ్గినట్లుంది. సంక్రాంతికి వచ్చినప్పుడు తనే ఫోను తీసి, మా అక్కయ్య భుజం మీద చెయ్యివేసి ఫోటో తీసుకుంది.

అక్కయ్యను సరదాగా అడిగాను, నీకూ చేయించమంటావా అని. "నాకెందుకురా, ఇవి లేకపోతే పైకి వెళ్ళాక మీ బావగారు నన్ను గుర్తుపట్టరు" అంది. చేయించుకోవాలన్న పిల్లదీ సరే, వద్దన్న అక్కయ్యా సరే. ఎవరి ముఖానికి వారే అధికారి. మనం వేయవలసినది స్టేట్‌మెంటు మాత్రమే, తొందరపెట్టే నోట్ కాదు.