బలం సరే, చోటేది?

విశ్వేశ్వరయ్యగారి జయంతినాడు ఒంగోలులో నన్ను మాట్లాడమన్నారు. సొంతంగా చేసుకునే నీటిరోబోకు థ్రస్టర్లు, అంటే నీళ్లలో దాన్ని నెట్టే మోటార్లు, ఎక్కడ పెట్టాలి, ఎన్ని పెట్టాలి, ఎటు తిప్పి పెట్టాలి, ఈ మూడూ చెప్పమన్నారు.

ముందు ఎక్కడ అన్నది చూద్దాం. మన పిల్లలు చేసిన రోబో ఇదిగో, బల్ల మీదే ఉంది. పీవీసీ గొట్టాల చట్రం, పైన థర్మోకోల్, అడుగున బ్యాటరీ డబ్బా. పని శుభ్రంగా ఉంది. అయితే బాబూ, ముందుకు నెట్టే మోటార్లు రెండూ పై గొట్టానికి బిగించారు. బరువు కింద ఉంది, నీళ్లు అడ్డుకునేదీ కిందే. పైన నెడితే ముక్కు వాలుతుంది. మోటారు ఆపితే థర్మోకోల్ దాన్ని మళ్లీ నిటారుగా లేపుతుంది. ఇలా తలాడిస్తూ పోతుంటే కెమెరాకు ఏం కనబడుతుంది? వాటిని నడిమికి దించండి. తేలించేది పైన, బరువు కింద, నెట్టేది ఆ రెంటి మధ్య ఉండాలి. బండలాగుడు పందేలు చూసిన జిల్లా మనది. కాడి పక్కకు జరిగితే ఎంత మేలుజాతి గిత్తలైనా బండను సూటిగా లాగలేవు కదా.

ఈ సంగతి వచ్చినప్పుడల్లా నాకు కచ్చులూరు గుర్తొస్తుంది. 2019లో సరిగ్గా ఈ రోజే, సెప్టెంబరు 15న, పాపికొండలకు బయల్దేరిన రాయల్ వశిష్ఠ బోటు అక్కడ గోదావరిలో మునిగింది. ఎన్ని కుటుంబాలు ఒడ్డున కూర్చుని ఏడ్చాయో మనందరం చూశాం. వరద ఉరవడి, సుడులు, బురద నీళ్లు. కాకినాడ నుంచి ధర్మాడి సత్యంగారి బృందం వచ్చి లంగర్లు, ఇనుప తాళ్లు వేసి వెతికింది. లంగరు తగులుకుంది, లాగారు, రెయిలింగు మాత్రం ఊడి వచ్చింది. బలం చాలక కాదు, ఆ బలం ఆనిన చోటు బోటు బరువును మోసేది కాదు. చివరికి డైవర్లు దిగారు, పట్టు దొరికింది, అక్టోబరు 22న బోటు ఒడ్డుకు చేరింది. నీటి పని తెలిసిన ఆ చేతులకు నేను దణ్ణం పెడతాను. ఇంజనీరింగు కాలేజీల్లో ఆ బృందం పని ఒక పాఠంగా చెప్పాలి.

కానీ ఇవాళ కాలేజీ ప్రాజెక్టులు దుకాణంలో అమ్ముతున్నారు. డబ్బు కడితే రోబో, రిపోర్టు రెండూ చేతికిస్తారు. మోటారు అక్కడే ఎందుకుందని అడిగితే పిల్లవాడు నేల చూస్తాడు. ఈ బల్ల మీది రోబో సొంత చేతులతో చేసింది, అందుకే తప్పు ఎత్తి చూపినా నాకు సంతోషంగా ఉంది. మనకు ఈ రోబో అవసరం దూరాన లేదు. మల్లవరం దగ్గర గుండ్లకమ్మ రిజర్వాయరు గేట్లలో 2022లో ఒకటి, 2023 డిసెంబరులో మరొకటి కొట్టుకుపోయాయి. నీళ్లలో మునిగి ఉండే గేటు అడుగును ఏటా ఇలాంటి రోబోతో చూసుకోవచ్చు.

టైమైందని అధ్యక్షులవారు చీటీ పంపారు. మిగతా రెండూ క్లుప్తంగా చెబుతాను. మొదటి రోబోకు మూడు థ్రస్టర్లు చాలు: ముందుకు రెండు, పైకీ కిందికీ ఒకటి. నాలుగు మూలలా 45 డిగ్రీల వాలుతో నాలుగు పెడితే, నాలుగూ సూటిగా పెట్టినదానికన్నా ముందుకు పోయే బలం మూడో వంతుకు కాస్త తక్కువగా పోతుంది, కానీ పక్కకు జరగడం వస్తుంది. కుడి ఎడమ ప్రొపెల్లర్లు ఎదురెదురు దిశల్లో తిరగాలి, వాటి నీటి ధారకు గొట్టం అడ్డు రాకూడదు.

చివరిగా ఈ సభ జరుపుతున్న సంఘం పెద్దలకు ఒక మనవి. పిల్లలు రోబోను దించి చూసుకోవడానికి ఒంగోలులో పదడుగుల లోతు తొట్టి ఒకటి కట్టించండి. సభ ముగిసేలోగా తీర్మానం చేస్తే మొదటి చందా నాది.