సముద్రమునకు దారి
(పాఠశాల వార్షికోత్సవమున ప్రధానోపాధ్యాయులు చేసిన ప్రసంగము)



తీరమున ధనికులు కట్టుకొను భవనములు ప్రకృతికి నిజముగా చేరువయా యని మన విద్యార్థులు మమ్మడిగిరి. మేము చదివినంతలో చెప్పెదము.

అమెరికాలో కాలిఫోర్నియా తీరమున సీ రాంచ్ అను వసతి గలదు. అందలి తొలి గృహసముదాయము 1965లో పూర్తియైనది. పథకకర్త లారెన్స్ హాల్‌ప్రిన్ ముందుగా గాలి పోకడను పరిశీలించెను. దాని ననుసరించి కప్పులను ఏటవాలుగా, చూరులు లేకుండ కట్టిరి. కొయ్యకు రంగు పూయలేదు. ఇంటికిని ఇంటికిని నడుమ కంచె లేదు. మన పెద్దల కాలమున శ్రీకాకుళ తీరమున జాలరులు కట్టుకొనిన చుట్టిల్లును గాలి నెరిగి కట్టినదే. కాని దాని తాటాకు చూరు ఇంచుమించు నేలనంటెడిది. (దానిని చూడ నెవరును విమానమెక్కి రాలేదు!)

ఇంతవరకు మెచ్చదగినదే. అయితే ఆ వసతి సుమారు పది మైళ్ల తీరమున వ్యాపించెను. అచ్చట నివసింపనివారికి అలల చెంతకు పోవుట దుర్లభమయ్యెను. ప్రజలు ఆందోళన చేసిరి. 1972లో ఆ రాష్ట్రపు ఓటర్లే తీరరక్షణ శాసనమును నెగ్గించిరి. అయినను వివాదము తీరుటకు 1980లో మరియొక శాసనము కావలసివచ్చెను. పిమ్మటనే ఇండ్ల నడుమనుండి ప్రజలకు బాటలేర్పడినవి.

మన పిల్లలు వ్రాసిన తీరగృహముల చిత్రములు ప్రక్క గదిలో నున్నవి. అన్నిట సముద్రము గలదు. ఒక్కదానిలో మాత్రము వీధినుండి అలలవరకు బాట గలదు. దానిని తప్పక చూచి పొండు.